పెట్రోలు డబ్బాకి కాపలా

నాది అనుమానపు పుట్టుక. కూరలమ్మి తక్కెడ ఎత్తితే అందరూ ముల్లు వంక చూస్తారు, నేను ఆవిడ చిటికెన వేలి వంక చూస్తాను. ఏలూరు తాలూకాఫీసులో గుమాస్తాగా చేరాక ఆ గుణానికి జీతం కూడా ఇవ్వడం మొదలుపెట్టారు. వచ్చిన ప్రతి అర్జీలోనూ అబద్ధం ఎక్కడుందో వెతకడమే నా పని. వెతికితే దొరక్కేం, దొరికేది. దొరికినకొద్దీ నాకు పొగరెక్కింది. "ఈ పంతులు కళ్ళు కప్పడం బ్రహ్మతరం కాదురా" అని బంట్రోతులు చెవులు కొరుక్కుంటుంటే విననట్టు నటిస్తూ వినేవాణ్ణి. ఆ పొగరు ఒక మంచివాడి కొంప ముంచింది. అతను ఇప్పుడు లేడు, మా అమ్మా లేదు. ఇంక దాచిపెట్టి ఎవరి పరువు కాపాడాలి, నాదా? చాల్లే.

యాభైల మొదట్లో సంగతి. మా ఆఫీసు జీపు మొరాయించినప్పుడల్లా కాలవగట్టు మీదున్న ఒక మెకానిక్ షెడ్డుకి తోసుకెళ్ళేవారు. బిల్లులో మోసం పట్టుకోవడానికి వెనకాల నన్ను పంపేవారు. షెడ్డు యజమాని "డైనమో మొత్తం మార్చాలండి" అనేవాడు. నేను నోరు తెరిచేలోపే జీపు కిందనుంచి ఒక గొంతు వినపడేది. "అక్కర్లేదండి పంతులుగారూ, బ్రష్షులు అరిగాయంతే. అవి మారిస్తే ఇంకో రెండేళ్ళు పనిచేస్తాదండి." యజమాని మొహం మాడిపోయేది. "ఒరేయ్, నిన్నెవడడిగాడ్రా" అని అరిచేవాడు. అప్పుడు ఒక బక్కపల్చటి మనిషి, ముప్ఫై ఏళ్ళవాడు, గ్రీజు మొహంతో బయటికొచ్చి ఏమీ జరగనట్టు చేతులు తుడుచుకునేవాడు. అబద్ధం పట్టుకోవడం నాకు వచ్చు గానీ, అడక్కుండా నిజం చెప్పే మనిషిని చూడటం అదే మొదలు. అతనంటే ఇష్టం పుట్టింది. నా బుద్ధి ఎక్కడికి పోతుంది, నా దగ్గర మంచి అనిపించుకుని ఏం సాధిద్దామనుకుంటున్నాడో అని అనుమానం కూడా దానితోపాటే పుట్టింది.

అతనిది కైకలూరు అవతల కొల్లేట్లో ఒక లంక. తండ్రీ తాతా చేపలు పట్టుకుని బతికినవాళ్ళు. యుద్ధం రోజుల్లో మిలటరీ లారీలు కడగడానికని ఇల్లు వదిలి వచ్చి, కడుగుతూ కడుగుతూ ఇంజన్లు విప్పడం నేర్చుకున్నాడు. ముసలి తల్లి, పెళ్ళాం, ఏడాదిన్నర పిల్ల లంకలోనే ఉండేవారు. ఇతను షెడ్డులో టైర్ల మధ్య పడుకునేవాడు. వారానికోసారి బస్సులో కొంత, దోనెలో కొంత ప్రయాణం చేసి ఇంటికి వెళ్ళొచ్చేవాడు. శ్రావణంలో కొల్లేరు పొంగితే నీళ్ళు వాళ్ళ ఇంట్లోకే వచ్చేవి. మంచం మీద మంచం వేసుకుని, వంటా పడకా అన్నీ ఆ పై మంచం మీదే. కిందటేడు పిల్ల నిద్రలో దొర్లి నీళ్ళలో పడింది.

"జుట్టు చేతికి దొరికింది కాబట్టి సరిపోయిందండి," అన్నాడు ఒకసారి టీ తాగుతూ. "మళ్ళీ వానలొచ్చేలోపు మెరక మీద రెండు గదులు చూసుకోవాలండి పంతులుగారూ. అంతకంటే నాకేం కోరికల్లేవు."

ఆ రెండు గదులు తాడేపల్లిగూడెంలో ఉన్నాయి. అక్కడ నాలుగు బస్సులు తిప్పే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన బస్సుల షెడ్డు మెరక మీద ఉంది. దాన్ని ఆనుకుని హెడ్ మెకానిక్కు ఉండటానికి రెండు గదులు కట్టించారు. పాత మెకానిక్కు మానేసి వెళ్ళిపోయాడు, గదులు ఖాళీ. పెద్దాయనకి ఇంజన్లంటే పిచ్చి. ఆదివారం వస్తే గొడుగేసుకుని రన్‌వే మీదికి పందేలు చూడ్డానికి వెళ్ళేవారు.

రన్‌వే అంటే, యుద్ధంలో విమానాలు దిగడానికి గూడెం దగ్గర వేసిన సిమెంటు బాట. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయాయి, బాట మిగిలింది. మామూలు రోజుల్లో చుట్టుపక్కల రైతులు దానిమీద ధాన్యం ఆరబోసుకునేవారు. ఆదివారం పొద్దున్న మాత్రం మోటారుసైకిళ్ళున్నవాళ్ళు నాలుగు ఊళ్ళ నుంచి చేరి, రైతుల్ని బతిమాలి ఒక పక్క ఊడిపించి, ఇద్దరిద్దరు చొప్పున పందెం వేసుకునేవారు. మలుపులూ లేవు, చుట్లు తిరగడమూ లేదు. నిలబడ్డచోటి నుంచి తిన్నగా రెండు ఫర్లాంగులు. రుమాలు కిందపడగానే బయల్దేరాలి, అవతల సున్నపు గీత దాటాలి. మనం ఊపిరి బిగబట్టి వదిలేలోపు అయిపోయేది. కప్పులు లేవు, బహుమతులు లేవు. గెలిచినవాడి గొప్పలు వారం రోజులు కాఫీ హోటళ్ళలో చెప్పుకునేవారు, అంతే.

గెలిచేది మాత్రం ఎప్పుడూ ఒకడే, గూడెంలో ఒక రైసుమిల్లు యజమాని గారబ్బాయి. అతని బండి ఇంగ్లండు సీమ నుంచి ఓడలో మద్రాసు వచ్చి, చెక్కపెట్టెలో రైలెక్కి గూడెంలో దిగింది. దాన్ని తుడవడానికి ఒకడు, చైనుకి నూనె పెట్టడానికి ఒకడు. ఆ అబ్బాయిని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

"డబ్బున్నవాడు చెమటోడ్చడయ్యా, చెమట కొనుక్కుంటాడు," అన్నాను మా మెకానిక్కుతో.

"అలా అనకండి. బండి కొన్నారు గానీ తోలడం కొనలేదు కదండీ. క్లచ్చు వదలడం చూశారా, వెన్నలో చెయ్యి పెట్టినట్టు వదుల్తారు. తెల్లారగట్టే వచ్చి ఒక్కరే సాధన చేస్తారటండి."

ప్రత్యర్థిని ఇలా మెచ్చుకునేవాణ్ణి ఏమనుకోవాలి? నా మనసులో మొదటి ముల్లు అప్పుడే గుచ్చుకుంది.

మా వాడి బండి సంగతి వినండి. మిలటరీవాళ్ళు వదిలేసిన తుక్కులోంచి కొన్న చట్రం, ఏళ్ళ తరబడి వానలో నానిన ఇంజను. రెండేళ్ళపాటు షెడ్డు పని అయ్యాక దానితోనే కుస్తీ. సిలిండరు హెడ్డుని అద్దం పలక మీద పెట్టి, వాల్వులకి పూసే పేస్టు వేసి, చేత్తో రుద్దేవాడు. కాయితమంత మందం అరగడానికి వారాలు పట్టింది. అలా అరిగితే ఇంజనుకి బలం వస్తుందట. గాలి వెళ్ళే దారులన్నీ ఆకురాయితో నునుపు చేశాడు. బరువు తగ్గాలని మడ్‌గార్డులు పీకాడు, దీపం పీకాడు, బ్రేకు పెడలుకి కూడా వరసగా చిల్లులు పొడిచాడు. "ఇప్పుడు వేలిముద్ర వెయ్యమంటే పడదండి, అరిగిపోయాయి," అని వేళ్ళు చూపించి నవ్వేవాడు. నేను పక్కన పీట వేసుకుని కూర్చుని, లాంతరు పట్టుకుని, సలహాలు చెప్పేవాణ్ణి. ఒక్క సలహా కూడా పనికొచ్చిన గుర్తు లేదు.

మా వాడు తోలుతుంటే ఆ ముష్టి బండి రన్‌వే ఎక్కి వరసగా మూడు ఆదివారాలు అందర్నీ కొట్టింది. మిగిలింది మిల్లు గారబ్బాయి మద్రాసు బండి ఒక్కటే. మూడో ఆదివారం పెద్దాయన గొడుగు మడిచి మా దగ్గరికి వచ్చారు. వంగి ఇంజను చూశారు, చిల్లులు పొడిచిన పెడలు చూశారు.

"ఎవరు చేశారయ్యా ఇది?"

"నేనేనండి."

"చేత్తోనా?"

"ఆయ్, చేత్తోనేనండి."

"పైవారం కాక ఆపై ఆదివారం ఆ మద్రాసు బండిని కొట్టు. నా షెడ్డు తాళాలు నీకిస్తా. ఆ రెండు గదుల్లోకి నీ వాళ్ళని తెచ్చుకో."

మా వాడు వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన వెనక్కి జరిగారు. తిరుగు ప్రయాణంలో లారీ మీద కూర్చుని, "జ్యేష్ఠం వెళ్ళేలోపు తెచ్చేసుకోవచ్చండి. వానలు పడే ముందే," అని పదిసార్లు అన్నాడు.

నాకు మాత్రం ఆ క్షణం నుంచి నిద్ర లేదు. తాళాల మాట వందమంది విన్నారు. మిల్లువాళ్ళు ఊరుకుంటారా? టైరులో మేకు దింపుతారు. ట్యాంకులో పంచదార పోస్తారు. రుమాలు పడేసేవాణ్ణి కొంటారు. ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ వెళ్ళి చివరికి అనకూడని చోటికి వచ్చాను. వీటన్నిటికంటే తేలిక పని ఇంకోటుంది కదా, మా వాణ్ణే కొనెయ్యడం. కిరసనాయిలు కొనాలన్నా ముందూ వెనకా చూసుకునే మనిషి. మెరక మీద రెండు గదులు వాళ్ళు కూడా చూపించగలరు.

నా మనసు ఇలా ఉడుకుతుండగా, ఒక రోజు ఆఫీసు నుంచి వస్తూ కాలవ వంతెన దగ్గర కాఫీ హోటల్లోకి చూశాను. మిల్లు గారబ్బాయి, మా వాడు ఒకే బల్ల దగ్గర. అబ్బాయి కాయితంలో చుట్టిన చిన్న పొట్లం ఇచ్చాడు. మా వాడు అటూ ఇటూ చూసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు అడిగాను. "నిన్న ఏమన్నాడయ్యా మిల్లు గారబ్బాయి?"

"ఏదో పనిమీద ఏలూరొచ్చారటండి. పలకరించారు," అని తల దించుకుని నట్టు బిగిస్తూనే ఉన్నాడు.

అడక్కుండా నిజం చెప్పే మనిషి, అడిగినా చెప్పలేదు. ఇంకేం కావాలి నాకు? తాలూకాఫీసులో ఇంతకంటే తక్కువ సాక్ష్యానికి అర్జీలు కొట్టేశాం. అయినా బయటపడలేదు. జరగాల్సిన కట్టుదిట్టాలు నేనే చెయ్యాలనుకున్నాను. బండి ఎలాగూ అతని చేతిలోదే, దాన్నేం చెయ్యలేను. పెట్రోలు మాత్రం నా చేతిలో ఉంచుకోవచ్చు.

పందేనికి మూడు రోజుల ముందు, "పెట్రోలు డబ్బా నాకివ్వు. గూడెం బంకువాళ్ళు మిల్లువాళ్ళకి చుట్టాలు, ఏలూరులో నేనే పోయించి తెస్తాను. షెడ్డులో ఉంటే ఎవడో ఏదో కలుపుతాడు," అన్నాను. ఆ ఎవడోలో అతను కూడా ఉన్నాడని అతనికి తెలీదు.

"మీకెందుకండీ శ్రమ," అంటూనే ఇచ్చాడు. వారం వారం లంకకి కిరసనాయిలు తీసుకెళ్ళే రెండు గ్యాలన్ల రేకుడబ్బా అది. మూతి సన్నం, మర మూత. "లోపల పెట్రోలుతో కడిగేశానండి, ఇంకేం కడగక్కర్లేదు," అన్నాడు. దోనెలో చేపల బుట్టల మధ్య తిరిగి తిరిగి డబ్బా పైన నీచు వాసన వేసేది.

దాన్ని ఇంటికి తెచ్చి వెనక వసారాలో పెట్టి, "అమ్మా, ఇది ముట్టుకోకు, పెట్రోలు డబ్బా," అని చెప్పి ఆఫీసుకి పోయాను. మా నాన్నగారు పౌరోహిత్యం చేసినవారు. ఆయన పోయినా మా అమ్మ మడీ ఆచారం అణువంత కూడా తగ్గలేదు. మర్నాడు సాయంత్రం డబ్బా తీసుకెళ్ళి బంకులో దగ్గరుండి నింపించాను, గరాటు కూడా రుమాలుతో తుడిచి మరీ. మూత బిగించి, దానిమీద లక్క కరిగించి పోసి ముద్ర వేశాను. పందెం రోజుదాకా నా మంచం కిందే పెట్టుకుని పడుకున్నాను. లారీలో గూడెం వెళ్ళేటప్పుడు డబ్బా మీదే కూర్చున్నాను. లారీవాడు నవ్వాడు. నవ్వుకోనీ.

ఆ ఆదివారం రన్‌వే మీద ఎన్నడూ లేనంత జనం. ధాన్యం ఆరబోసిన రైతులు కూడా పారలు పక్కన పెట్టి చూస్తున్నారు. పెద్దాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మా వాడు ట్యాంకు ఖాళీ చేసి, గుడ్డతో తుడిచి, నా వంక చూశాడు. నేను అందరి ముందూ లక్క పగలగొట్టాను. అతను జేబులోంచి పల్చటి జాకెట్టు గుడ్డ తీసి, "వడకట్టి పోద్దామండి," అన్నాడు.

"మా ఇంట్లోంచి తెచ్చినదానికి వడకట్టడం ఏమిటయ్యా? నేనేం కల్తీ చేశానా?"

"అబ్బే, అది కాదండి, అలవాటు..."

"అవతల అరుస్తున్నారు, కానీ," అని నేనే గడగడా పోసేశాను. ఆ గుడ్డలో ఏదైనా మందు చుట్టుకొచ్చాడేమో అని కూడా అనుకున్నాను. భగవంతుడా, అనుకున్నాను, అబద్ధమెందుకు.

రుమాలు పడింది. రెండు బండ్లూ ఒక్కసారి ఎగిరి పడ్డాయి. మొదటి వంద గజాలు చక్రానికి చక్రం. తర్వాత మా వాడి బండి అడుగడుగూ ముందుకి జరిగింది. ఫర్లాంగు రాయి దగ్గర పూర్తి బండి పొడవున ముందున్నాడు. నేను పంచె ఎగ్గట్టి పరిగెత్తుతున్నాను, ఎందుకో తెలీదు. "కొట్టాడ్రా! కొట్టాడ్రా!" అని ఎవరో అరుస్తున్నారు. అంతలో ఇంజను తడబడింది. ఒకసారి దగ్గింది, మళ్ళీ అందుకుంది, మళ్ళీ దగ్గింది. గీత ఇంకా అర ఫర్లాంగు ఉందనగా చప్పుడే ఆగిపోయింది. మద్రాసు బండి పక్కనుంచి దూసుకుపోయింది. మా వాడు దిగి, బండిని తోసుకుంటూ గీత దాటించాడు. ఆ తోసేటప్పుడు అతని వీపు చూడలేకపోయాను.

మేము చేరేసరికి కార్బొరేటరు అడుగు గిన్నె విప్పి అరచేతిలో ఒంపుకున్నాడు. పెట్రోలులో ముత్యాల్లా నీటి బొట్లు. అతను వాటిని వేలితో రాశాడు. వేలి కొసన ఏదో అంటుకుంటే దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. చూసి, గుప్పిట మూసేశాడు.

మిల్లు గారబ్బాయి బండి తిప్పుకుని గబగబా వచ్చాడు. "నీళ్ళా? అయ్యో, అయితే ఇది పందెం కాదండీ. ట్యాంకు కడిగి నా డబ్బాలోంచి పోసుకోండి. అరగంటలో మళ్ళీ వేద్దాం," అన్నాడు.

పాపం, ఎంత సులువుగా అయిపోయేది! అరగంట ఓపిక పడితే చాలు. నాకు ఆ మంచి మాటలోనే నాటకం కనిపించింది. "ఆహా, ఏం ఆడుతున్నారయ్యా ఇద్దరూ! లక్క ముద్ర వేసి తెచ్చిన పెట్రోలులోకి నీళ్ళు ఎక్కడివి? ట్యాంకు తుడిచింది ఎవరు? వంతెన దగ్గర హోటల్లో పొట్లం పుచ్చుకున్నది ఎవరు?" అని, మా వాడి వైపు తిరిగి, వందమంది వింటుండగా అరిచాను. "ఎంతకి అమ్ముడుపోయావు?"

మిల్లు గారబ్బాయి మొహం ఎర్రబడింది. "నన్ననండి పడతాను. ఆయన్నంటారేంటండీ? అది ప్లగ్గు. వారి బండికి పాత ప్లగ్గుంటే చూసి, నా దగ్గరున్న కొత్తది ఇచ్చాను. ఇంజను మీదే ఉంది చూసుకోండి."

"ప్లగ్గట! పందెంలో ఎదటివాడికి ప్లగ్గిచ్చే ధర్మదాతని ఎక్కడా చూడలేదు నేను!"

మా వాడు మాట్లాడితే బాగుండును, తిట్టినా బాగుండును. గుప్పిట ప్యాంటుకి తుడిచేసుకున్నాడు. "పోదాం రండి పంతులుగారూ," అన్నాడు చిన్నగా. పెద్దాయన అప్పటికే కుర్చీలోంచి లేచి మాకు నాలుగడుగుల దూరంలో ఉన్నారు. మమ్మల్ని ఇద్దర్నీ ఒకసారి చూసి, గొడుగు విప్పుకుని వెనక్కి వెళ్ళిపోయారు. నేను అతనితో లారీ ఎక్కలేదు. దొంగతో కలిసి కూర్చోవడం ఏమిటని రైలెక్కి ఏలూరు వచ్చాను.

గుమ్మంలో మా అమ్మ ఎదురుచూస్తోంది. "గెలిచాడా నాయనా ఆ అబ్బాయి? పొద్దుటినుంచీ వేంకటేశ్వరుడికి మొక్కుకుంటున్నాను. ఆ పసిదాన్ని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది."

"గెలవలేదమ్మా. పెట్రోలులో నీళ్ళు కలిశాయి."

"నీళ్ళా?" అంది. "ఆ డబ్బా గానీ సరిగ్గా ఆరలేదా ఏమిట్రా?"

నేను చెప్పులు విప్పుతున్నవాణ్ణి అలాగే ఉండిపోయాను.

"నువ్వు ముట్టుకోవద్దన్నావు గానీ, మడి వంటింటి పక్కన అంత నీచు కంపేమిటిరా. అదీగాక, శుభమా అని పందేనికి వెళ్ళే డబ్బా అలా వెళ్ళకూడదని బూడిదా చింతపండూ వేసి తోమాను. లోపల కూడా బూడిద నీళ్ళు పోసి బాగా గిలకరించాను. రోజంతా ఎండలో బోర్లించాను. ఎంత బోర్లించినా లోపల ఇంకాస్త గలగలమంటూనే ఉంది, అదేం మూతిరా అంత ఇరుకుగా. మళ్ళీ ఎక్కడ పెట్టావో అక్కడే పెట్టేశాను. తప్పు చేశానంటావా?"

ఏమనను? "లేదమ్మా, దాని వల్ల కాదు," అన్నాను. జీవితంలో అంత తేలిగ్గా ఎప్పుడూ అబద్ధమాడలేదు. తలమీద పది బిందెలు పోసుకున్నా ఒళ్ళు చల్లబడలేదు ఆ రోజు.

సోమవారం ఆఫీసు ఎగ్గొట్టి షెడ్డుకి వెళ్ళాను. అతను ఒక లారీ కింద ఉన్నాడు. నేను నేలమీద గొంతుక్కూర్చుని లోపలికి తలపెట్టి, "డబ్బా మా అమ్మ తోమింది," అన్నాను.

"తెలుసండి," అన్నాడు లోపలినుంచి.

"ఎలా తెలుసు?"

"నా చేతికి బూడిద తగిలిందండి. గిట్టనివాడు నీళ్ళు పోస్తాడు గానీ, బూడిదేసి తోమి పొయ్యడు కదండీ. మీ ఇంటి పెద్దావిడ చేతి పనని అప్పుడే తెలిసిపోయింది."

"మరి అక్కడే చెప్పాల్సింది! నేను అన్ని మాటలంటుంటే..."

అతను బయటికి వచ్చాడు. "ఏమని చెప్పనండి? అంతమందిలో మీ అమ్మగారి పేరు ఎలా ఎత్తనండి? పాపం, ఆవిడ మంచికే చేశారు. మీరు కోపంలో ఉన్నారు, తగ్గాక మీకే తెలుస్తుందనుకున్నాను."

"ప్లగ్గు సంగతైనా నాకు ముందు చెప్పకూడదా?"

కొంచెం నవ్వాడు. "చెబితే మీరు దాన్ని కాలవలో పారేస్తారండి. నాకు అలాంటి ప్లగ్గు మళ్ళీ దొరకదు."

నిజమే, పారేసేవాణ్ణి. అతను నా దుమ్ము పట్టిన పంచె వంక చూసి, కూర్చోవడానికి టైరు దొర్లించాడు. నేను కూర్చోలేదు. అక్కణ్ణుంచి తిన్నగా స్టేషనుకి వెళ్ళి గూడెం రైలెక్కాను. పెద్దాయనకి జరిగింది జరిగినట్టు చెబుతాను, మళ్ళీ పందెం పెట్టించమని కాళ్ళు పట్టుకుంటాను అని దారి పొడుగునా సాధన చేసుకున్నాను.

బస్సుల షెడ్డు పక్కన ఆయన ఆఫీసు గదిలో ఉన్నారు. గౌరవంగా లేచి కుర్చీ చూపించారు. నేను బూడిద దగ్గర్నుంచి అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"పంతులుగారూ, పందెంలో ఓడిపోయాడని నేనేం అనుకోలేదండి," అన్నారు. "ముప్ఫై ఏళ్ళుగా ఇంజన్లతో బతుకుతున్నాను. ఫర్లాంగు దాకా ఎవరు ముందున్నారో చూశాను. ఆగింది ఇంజను తప్పు కాదు, పెట్రోలు తప్పని చప్పుడుకే తెలిసింది. ఓడినా సరే, ఆ చేతులకి తాళాలు ఇవ్వాలనే కుర్చీలోంచి లేచాను. తాళాలు జేబులోనే ఉన్నాయి. నాలుగడుగుల దూరంలోకి వచ్చాను. అప్పుడు మీరు అన్నారండి ఆ మాట."

నేను కుర్చీ అంచుకి జరిగాను.

"నా షెడ్డులో పెట్రోలు, టైర్లు, సామాను అంతా అతని చేతిలోనే ఉండాలి. అబద్ధం పట్టడంలో మీరు గట్టివారని ఏలూరులో పదిమంది చెప్పగా విన్నాను. పైగా అతనికి స్నేహితులు. మీరే వీడు అమ్ముడుపోయేవాడంటే నేనేమనుకోవాలి?"

"అది తప్పండి. నేను పొరపాటు పడ్డాను. ఇప్పుడు చెబుతున్నది నిజం."

"కావచ్చండి. జాలి కొద్దీ సర్దడానికి వచ్చారేమో కూడా నాకెలా తెలుస్తుంది? మనిషి కోపంలో అన్న మాటే లోపలి మాటంటారు," అని ఆయన కిటికీలోంచి షెడ్డు వైపు చూశారు. అక్కడ ఎవరో కొత్త మనిషి బస్సు చక్రం విప్పుతున్నాడు. "ఇవాళ పొద్దున్నే భీమవరం అతన్ని పెట్టుకున్నానండి. కాఫీ తాగి వెళ్ళండి."

నాలాగే ఆలోచించే మనిషి ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. నేను నిజమే చెబుతున్నాను, ఆయన నా చిటికెన వేలి వంక చూస్తున్నారు. కాఫీ తాగకుండా వచ్చేశాను.

ఆ శ్రావణంలో కొల్లేరు బాగా పొంగింది. మంచం మీద మంచం వేసుకుని, పిల్ల నడుముకి తాడు కట్టి, రెండో కొస తల్లి ముంజేతికి కట్టుకుని పడుకున్నారట నెల రోజులు. ఈ సంగతి అతనే చెప్పాడు, మా ఆఫీసు జీపు కింద పడుకుని, మామూలు గొంతుతో. ఇంకో ఎనిమిదేళ్ళకి గానీ ఏలూరులో మెరక మీద ఒక గది వేసుకోలేకపోయాడు.

పెద్దాయన తాళాలు జేబులో పెట్టుకుని లేచిన మాట అతనికి నేను చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపేశాను. పందెం పోయింది కాబట్టి పని పోయింది, నీళ్ళ వల్ల పందెం పోయింది అనే అతను చివరిదాకా అనుకున్నాడు. ఏటా వానలు మొదలైనప్పుడు ఆ ఊసు వచ్చేది. వచ్చినప్పుడల్లా, నేనెక్కడ నొచ్చుకుంటానో అని, "మీ అమ్మగారి తప్పేం లేదండి, ఆవిడకేం తెలుసు పాపం," అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి.